“పనిచేయదు” అని రాసిన చీటీలు

నాడి పట్టని డాక్టరు

రిటైరైనవాళ్ళు తమ ఉద్యోగం గురించి రాస్తే, ఏ సంవత్సరం ఏ పదవిలో చేరారో, ఎవరు ఏ ఫైలు తొక్కిపెట్టారో రాస్తారు. నాకు ఆ ఓపిక లేదు. పాతబస్తీలో ఒక ట్రస్టు ఆసుపత్రిలో పాథాలజిస్టుగా పాతికేళ్ళ పైచిలుకు పనిచేశాను. అంటే రోగి ఒంట్లోంచి కోసి తీసిన ముక్కను మైక్రోస్కోపు కింద పెట్టి ఇది ఫలానా జబ్బు అని చెప్పే డాక్టరుని. మా అత్తగారు బతికున్నన్నాళ్ళూ “మా కోడలు డాక్టరే గానీ నాడి పట్టుకోదు” అని చుట్టాలకు చెప్పి నవ్వేది. నవ్వితే నవ్వింది, అందులో అబద్ధం లేదు.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు నన్ను చూడడానికి వచ్చినప్పుడు ఒకటే అడుగుతారు. “కిడ్నీ క్యాన్సరు ముదిరిన రోగికి ఇమ్యూనోథెరపీ పనిచేస్తుందో లేదో ముందే చెప్పడానికి మాకు బోలెడు పరీక్షలు వచ్చాయి మేడమ్. మీ రోజుల్లో ఎలా చెప్పేవాళ్ళు?” అని. ఎలా చెప్పేదాన్నో రాస్తాను. ఎంత బాగా చెబుతున్నానని మురిసిపోయానో కూడా రాస్తాను. ఇది రాయడానికి నాలుగుసార్లు కూర్చుని నాలుగుసార్లు లేచాను. వంటింట్లో పని ఉన్నట్టు గుర్తొస్తుంది, వెళితే పనేమీ ఉండదు. ఐదోసారి మాత్రం తలుపు వేసుకుని కూర్చున్నాను.

పసుపు ముక్క, బూడిదరంగు ముక్క

మాది గుంటూరు జిల్లా. మా ఆయనకు కంచన్‌బాగ్‌లో రక్షణ శాఖ ప్రయోగశాలలో ఉద్యోగం. అక్కడి క్వార్టర్సు నుంచి రోజూ బస్సులో ఆసుపత్రికి వెళ్ళేదాన్ని. మొదట్లో నా భాష విని మా ల్యాబు టెక్నీషియన్ వెంకటేశం “ఏంది మేడమ్, సినిమాల లెక్క మాట్లాడ్తరు” అని ఆటపట్టించేవాడు. అతను చెయ్యి తిరిగిన మనిషి. ఆపరేషన్ చేసి తీసిన కిడ్నీని కోసి, అందులోంచి చిన్న ముక్కలు తీసి, మైనంలో బిగించి, ఉల్లిపొర కన్నా పల్చగా కోసి, రంగులు వేసి గాజుపలక మీద పెట్టి నాకిచ్చేవాడు. ఆ గాజుపలకలనే స్లైడ్లు అంటాం.

కిడ్నీ క్యాన్సరు గడ్డను కోస్తే లోపల చాలావరకు పనస తొనలాగా పసుపుపచ్చగా మెరుస్తుంది. మైక్రోస్కోపులో ఆ కణాలు ఖాళీ గదుల్లాగా తెల్లగా కనిపిస్తాయి. వాటిలోని కొవ్వు మేము వాడే రసాయనాల్లో కరిగిపోతుంది కాబట్టి అలా ఉంటాయి. తొంభైల్లో ఈ జబ్బు ఊపిరితిత్తులకు పాకితే మాకున్న ఆయుధం ఇంటర్‌ఫెరాన్ ఒక్కటే. క్యాన్సరును అది నేరుగా చంపదు, ఒంట్లోని రక్షణ శక్తిని రెచ్చగొట్టి క్యాన్సరు మీదికి తోలుతుంది. వారానికి మూడు సూదులు. సూది పడిన కొన్ని గంటలకు గజగజ వణుకు, జ్వరం, ఒళ్ళంతా రోట్లో వేసి దంచినట్టు నొప్పులు. ఇంత చేసినా కొద్దిమందికే గుణం కనిపించేది. ఆ కొద్దిమంది ఎవరో ముందే తెలిస్తే మిగిలినవాళ్ళకు ఆ యాతన తప్పించవచ్చు కదా. ఆ ఆశతోనే అంతా మొదలైంది.

తెల్లటి ఖాళీ కణాలు ఎక్కువ ఉన్న గడ్డలకు మందు కాస్త పనిచేస్తుందని అందరికీ తెలిసిందే. ఒక రోగి విషయంలో నేను చూసిన రెండు స్లైడ్లలోనూ అలాంటి కణాలే ఉన్నాయి. “మందు పనిచేయడానికి మంచి అవకాశం ఉంది” అని క్యాన్సరు డాక్టరుకు చెప్పాను. మూడు నెలలు సూదులు పొడిచారు. ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల మీది మచ్చలు తగ్గకపోగా పెరిగాయి. నాకు అనుమానం వచ్చి, చెడిపోకుండా ఫార్మలిన్ బకెట్లో దాచి ఉంచిన ఆ కిడ్నీని బయటికి తీయించి చూస్తే ఒక మూల బూడిదరంగులో రాయిలా గట్టిగా ఉంది. అక్కడి నుంచి ఒక్క ముక్క కూడా తీయలేదు. అది గడ్డలో అన్నిటికన్నా మొండి భాగం.

“గా ముక్క చూడ మంచిగలేకుండె మేడమ్. పసుపుదైతే స్లైడు మస్తు వస్తది,” అన్నాడు వెంకటేశం. కోసేటప్పుడు పక్కన నిలబడాల్సిన నేను ఆ రోజు టీ తాగుతున్నాను. అందుకని అతన్ని ఏమీ అనలేకపోయాను. ఆ రోజు నుంచి కిడ్నీ వస్తే నేనే దగ్గరుండి, చూడడానికి అసహ్యంగా ఉన్న చోట ముందు కోయించాను.

చీటీలు

క్యాన్సరు విభాగం పెద్ద డాక్టర్ మొహ్‌సిన్ ఆ సంగతి విని నన్ను గదికి పిలిచాడు. ఆయన పాతబస్తీలో పుట్టి పెరిగినవాడు, తెలుగు మాట్లాడితే సగం ఉర్దూ దొర్లుతుంది. కోపమొస్తే గొంతు పెంచడు, తగ్గిస్తాడు. మేమంతా వణికేది ఆ తగ్గిన గొంతుకే.

“మేడమ్, మీరు పనిచేస్తది అన్నరు, చెయ్యలే. పర్వాలేదు. కాని రేపు ఇంకోటి తప్పయితే ‘నేను అప్పుడే అనుకున్నా’ అంటరు. మీరే కాదు, నేను గూడ అంటా. మనుషులం కదా. అందుకే అందాజు నోట్లో పెట్టుకోవద్దు, కాగితం మీద పెట్టండి.”

అలా చీటీల పద్ధతి మొదలైంది. ఇంటర్‌ఫెరాన్ మొదలుపెట్టే ప్రతి కిడ్నీ రోగికీ నేను స్లైడ్లు, రక్తం రిపోర్టు, ఎక్స్‌రే చూసి ఒక చీటీ రాయాలి. “పనిచేస్తుంది” లేదా “పనిచేయదు”. మధ్యలో ఇంకో మాట లేదు. కర్ర విరగకుండా పాము చావకుండా రిపోర్టులు రాయడం మా వృత్తికి అలవాటు, ఆ అలవాటు మాన్పించాలన్నది ఆయన పంతం. చీటీని కవరులో పెట్టి అంటించి ఆయన గదిలోని అల్మారాలో పెట్టేవాళ్ళం. మూడు నెలల తర్వాత కొత్త ఎక్స్‌రే చూశాక కవరు తెరవాలి. రోగికి గానీ, వాళ్ళ ఇంటివాళ్ళకు గానీ చీటీ సంగతి తెలియకూడదు. అది ఆయన పెట్టిన గట్టి షరతు.

నాకు ఆ ఆట నచ్చింది. ఆట అనే అంటున్నాను, సిగ్గుపడుతూనే అంటున్నాను. తెల్ల కణాలు ఎన్ని ఉన్నాయి, వాటి కేంద్రకాలు ఎంత వికారంగా ఉన్నాయి, రోగి రక్తం ఎంత పల్చబడింది, జబ్బు ఊపిరితిత్తుల్లోనే ఉందా ఎముకల్లోకి పోయిందా, ఆపరేషన్ తర్వాత ఎన్నాళ్ళకు తిరగబెట్టింది, ఇవన్నీ ఒక నోటుబుక్కులో రాసుకునేదాన్ని. ఏడాది తిరిగేసరికి నా చీటీలు నిజం కావడం మొదలుపెట్టాయి. ఇంకో ఏడాదికి కవరు తెరవకముందే మొహ్‌సిన్ నవ్వుతూ “మేడమ్‌ది ఖరారే” అనేవాడు. బయట ఆసుపత్రుల నుంచి కూడా నా దగ్గరకు స్లైడ్లు రావడం మొదలైంది. వాపును చూసి బలుపనుకోవడం అంటే ఏమిటో అప్పటికి నాకు తెలియదు.

గోనెసంచుల సేటు

కార్వాన్‌లో గోనెసంచుల హోల్‌సేల్ దుకాణం ఉన్న విఠలయ్య సేటు భార్య సరోజమ్మ. యాభై దాటిన మనిషి. కిడ్నీ తీసేసిన ఏడాదిలోపే ఊపిరితిత్తుల్లో మచ్చలు కనిపించాయి. ఆమె స్లైడ్లు నాకు నచ్చలేదు. తెల్ల కణాలు ఉన్నాయి గానీ కేంద్రకాలు వికారంగా ఉన్నాయి. రక్తం తక్కువ. “పనిచేయదు” అని రాసి కవరు అంటించాను.

రెండు సూదులు పడ్డాక ఒక మధ్యాహ్నం సేటు నేరుగా మా ల్యాబులోకి వచ్చాడు. రోగుల బంధువులు మా దగ్గరకు రారు, మా ల్యాబు ఎక్కడుందో కూడా వాళ్ళకు తెలియదు. ఈయన దారి అడుగుతూ అడుగుతూ వచ్చాడు. స్టూలు చూపిస్తే కూర్చోలేదు.

“మేడమ్, సూది పడంగనే ఆమె వణుకుతుంటే నాకు చూడబుద్ధైత లేదు. డాక్టర్ సాబ్‌ను అడిగితే చూద్దాం చూద్దాం అంటడు. మీ మిషన్ల అంత కనవడ్తదంట గద. నాకు నిజం చెప్పుండ్రి. గిది పనిచేస్తదా?”

నాకు తెలియదనో, డాక్టర్‌గారిని అడగండనో అని పంపేయాలి. షరతు అదే. కానీ ఆయన ముఖం చూసి జాలేసింది, దానితోపాటు ఇంకోటి కూడా ఉంది. నాకు తెలుసు అనే గర్వం. ఇన్నేళ్ళు గాజుపలకల మీద కణాలు చూసిన నన్ను ఒక మనిషి వెతుక్కుంటూ వచ్చి నిజం అడిగితే, నా దగ్గర నిజం ఉందనే నమ్మకం.

“పనిచేయదండీ,” అన్నాను. “ఊరికే ఆవిడను బాధపెట్టడమే.”

ఆయన రెండు చేతులూ జోడించి వెళ్ళిపోయాడు. నాలుగో సూది తర్వాత సరోజమ్మ ఆసుపత్రికి రావడం మానేసింది. తట్టుకోలేకపోయిందని కార్డు మీద రాశారు. ఐదు నెలలకు పోయింది. కర్మకాండ అయ్యాక సేటు మళ్ళీ వచ్చి, “ముందే చెప్పి పుణ్యం కట్టుకున్నరు మేడమ్. లేకుంటే ఆఖరి దినాలు ఆ సూదులతోనే పోతుండె,” అన్నాడు. నాకు కళ్ళు చెమర్చాయి. ఆయన వెళ్ళాక నోటుబుక్కు తీసి సరోజమ్మ పేరు పక్కన నిజమైనట్టు టిక్కు పెట్టుకున్నాను.

భట్టీ ముందు నిలబడ్డ మనిషి

జంగయ్యది జహనుమా. ఒక లోహాల కర్మాగారంలో భట్టీ దగ్గర పనిచేసేవాడు. అతని స్లైడ్లు సరోజమ్మవాటికన్నా అధ్వానం. జబ్బు తిరగబెట్టిన తీరూ అంతే, రక్తం ఇంకా తక్కువ. ఒక్క నిమిషం కూడా ఆలోచించకుండా “పనిచేయదు” అని రాశాను.

మూడు నెలల తర్వాత మొహ్‌సిన్ నుంచి కబురొచ్చింది. గదిలో రెండు ఎక్స్‌రేలు పక్కపక్కన వేలాడదీసి ఉన్నాయి. పాతదాంట్లో రూపాయి బిళ్ళలంత మచ్చలు. కొత్తదాంట్లో రెండు కనిపించడమే లేదు, మిగతావి బఠాణీ గింజలంత అయ్యాయి. ఆయన కవరు చింపి చీటీ నా చేతిలో పెట్టాడు.

“ఈసారి ఖరారు కాలే మేడమ్,” అన్నాడు. ఆయన ముఖం వెలిగిపోతోంది, రోగి బాగుపడ్డాడు కదా.

నాకు మాత్రం చిరాకేసింది. దాచుకోను, చిరాకే. ఒక మనిషి చావు తప్పించుకుంటే, నా చీటీ తప్పయిందని ఒళ్ళు మండింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నట్టు వారం రోజులు అతని స్లైడ్లన్నీ తిరగేశాను. వెంకటేశంతో మళ్ళీ ముక్కలు కోయించాను. నేను చూడనిది ఏదో ఉండి ఉండాలి. ఏమీ లేదు. మొదట చూసిందే మళ్ళీ కనిపించింది.

చివరికి నేనే వార్డుకు వెళ్ళాను. మెట్లెక్కి పైకి వెళ్ళడం ఎన్నేళ్ళకో. జంగయ్య సూది కోసం వచ్చి మంచం అంచున కూర్చుని ఉన్నాడు. బక్కపల్చటి మనిషి, చేతుల మీద పాత నిప్పురవ్వల మచ్చలు.

“జ్వరం బాగా వస్తోందా?” అని అడిగాను.

“వస్తది మేడమ్. రాకుంటె మందు పనిచేస్తలేదేమో అని ఫికరైతది,” అని నవ్వాడు. “ఇరవై ఏండ్లు భట్టీ ముంగట నిలబడ్డ. గీ వేడి నాకేంది? సిస్టరమ్మ రోజు చెప్తది, చాలు బాపు, ఆపెయ్ అని. నేను ఆపుతనా?”

సిస్టర్ ఎందుకు ఆపేయమంటుంది? ఆ మాట నన్ను అక్కడే నిలబెట్టేసింది.

లైటు డబ్బా

సిస్టర్ కమలది నల్గొండ వైపు. సూదుల వార్డంతా ఆవిడ చేతి మీదే నడిచేది. నేను చూసిన నర్సుల్లో అంత మెత్తటి చెయ్యి ఇంకొకరికి లేదు. మందుల గదిలోకి తీసుకెళ్ళి అడిగాను. ముందు నేల చూపులు చూసింది. తర్వాత సూటిగానే చెప్పింది.

“మీ చీటీల పనిచెయ్యదని ఉండె గద మేడమ్.”

“అంటించిన కవరులో ఏముందో నీకెలా తెలుసు?”

“సాబ్ అల్మారా తాళం నా దగ్గర్నే ఉంటది. ఎక్స్‌రే చూసే లైటు డబ్బా మీద పెడితే లోపలిది కనవడ్తది. మీరు మస్తు గట్టిగ రాస్తరు, నల్ల సిరాతోని.”

“అందరివీ చూశావా?”

“అందరివి. మా నాయినకు గిట్లనే పొడిసి పొడిసి సంపిన్రు మేడమ్. ఇగ లాభం లేదని డాక్టర్లకు ఎరుకనే. ఒక్కలు చెప్పలే. ఆఖరికి ఆయన సూది చూస్తనే ఏడ్సెటోడు. అందుకే మీరు కాదన్నోళ్ళను నేను ఎక్కువ తిప్పలు పెట్టలే. జర జ్వరం రాంగనే సాబ్‌కు చెప్పి సగం చేపిచ్చిన, లేకుంటె ఆపిచ్చిన. మీరు అవునన్నోళ్ళకు మాత్రం వదల్లే. జ్వరం రాకముందే గోలీ ఇచ్చిన, బతిమిలాడిన, తిట్టిన, మొత్తం సూదులు ఏపిచ్చిన.”

“మరి జంగయ్య?”

“గాయన విననే వినలే.”

అరవాలనిపించింది. ఎంతమందికి నువ్వు నీ చేత్తో మందు ఆపేశావని అడగాలనిపించింది. నోరు తెరిచాను కూడా. కానీ ఆవిడ దొంగతనంగా చదివినదాన్ని నేను స్టూలు చూపించి మరీ సేటుకు చెప్పాను. ఆవిడకైనా తండ్రి గుర్తొచ్చాడు, నాకు గుర్తొచ్చింది నా గొప్పతనం. ఇంకేమీ అనకుండా కిందికి దిగి వచ్చేశాను.

పాత కార్డులు

మర్నాడు పొద్దున్నే రికార్డుల గదిలో కూర్చుని నా చీటీల్లోని ప్రతి పేరుకూ సూదుల కార్డు వెతికి తీశాను. నేను “పనిచేస్తుంది” అన్నవాళ్ళ కార్డులు దాదాపు నిండుగా ఉన్నాయి. “పనిచేయదు” అన్నవాళ్ళవి నాలుగో సూదికి, ఆరో సూదికి, రెండో వారానికి ఆగిపోయాయి. ఆగనివాళ్ళకు మోతాదు సగమైంది. సగం మందు, పావు మందు తీసుకున్నవాళ్ళకు గుణం కనిపించలేదు. ఎలా కనిపిస్తుంది? మందు పూర్తిగా పడనివాళ్ళకు మందు పనిచేయలేదని నేను టిక్కులు పెట్టుకున్నాను. ఆ కార్డులు నా నుంచి ఎవరూ దాచలేదు. చూడాలని నాకే తోచలేదు.

మొహ్‌సిన్ అంతా విన్నాడు. కుర్చీలోంచి లేచి కిటికీ దాకా వెళ్ళి వచ్చి గొంతు తగ్గించాడు.

“మీ చీటీ జోస్యం కాలే మేడమ్. హుకుం అయింది.”

“సిస్టర్‌ను ఏమీ అనకండి,” అన్నాను.

“ఏమని అంటా? మోతాదు సగం చేసిన ప్రతి కాగితం మీద నా సంతకమే ఉంది. ఈ పేషెంట్లే ఎందుకు ఓర్చుకుంటలేరు అని ఒక్కసారన్నా నాకు డౌటు రావాలె కదా. రాలే. మీ చీటీ నిజమయ్యేసరికి నాకు గూడ ఖుషీ అయింది.”

సేటుకు చెప్పిన సంగతి ఆయనతో ఆ రోజు చెప్పలేదు. చెప్పడానికి నాకు ఇంకో నెల పట్టింది.

ఆ తర్వాత కవర్లు నా ల్యాబులోనే, నా బీరువాలోనే ఉన్నాయి. సిస్టర్ కమలకు అందరు రోగులూ ఒకటే అయ్యారు. అందరికీ ముందే గోలీ, అందరికీ అదే బతిమిలాట, అవే తిట్లు. అప్పుడు నా చీటీలు తప్పడం మొదలైంది. పూర్తిగా కాదు, కానీ నేను మురిసిపోయిన ఖరారుతనం పోయింది. “పనిచేయదు” అన్నవాళ్ళలో ఎక్కువమందికి నిజంగానే పనిచేయలేదు. ఒకరికో ఇద్దరికో పనిచేసింది. ఆ ఒకరిద్దరు ఎవరో నాకు ముందు తెలియలేదు. జంగయ్య మళ్ళీ భట్టీ దగ్గర ఉద్యోగానికి వెళ్ళాడు. కొన్నేళ్ళకు జబ్బు తిరగబెట్టింది, కానీ ఆ కొన్నేళ్ళూ అతను బతికాడు, అతని ఇల్లు గడిచింది.

కొత్తగా వచ్చేవాళ్ళకు

మీకిప్పుడు మంచి మందులు వచ్చాయి. గడ్డలోని జన్యువులు చదివి, కంప్యూటరుతో కలిపి, ఈ రోగికి పనిచేస్తుంది, ఈ రోగికి పనిచేయదు అని చెబుతున్నారు. చెప్పండి. నేను వద్దనను. ఆ పని అవసరమైనదే, దానికోసమే కదా నేనూ మొదలుపెట్టాను. అడిగేది ఇంతే. ఫలితం తేలకముందు మీ మాట ఎవరి చెవిన పడిందో కనుక్కోండి. డాక్టరు చెవినా, నర్సు చెవినా, రోగి భర్త చెవినా? మందు ఆపేసినవాళ్ళను, మందు పనిచేయనివాళ్ళతో ఒకే వరసలో రాయకండి. ఎందుకు ఆపేశారో కార్డు చూసి, కుదిరితే మనిషిని చూసి తెలుసుకోండి. వార్డు మెట్లు ఎక్కితే పరువేమీ పోదు. నేను అన్నేళ్ళు ఎక్కలేదు కాబట్టి చెబుతున్నాను.

మీ అంచనా వరసగా నిజమవుతూ ఉంటే సంతోషించే ముందు ఒకసారి భయపడండి. నాకు ఎవరూ ఈ మాట చెప్పలేదు. చెప్పినా ఆ రోజుల్లో వినేదాన్నో లేదో.

రాజలింగం

జంగయ్య సంగతి బయటపడి ఏడాది కావొస్తుండగా విఠలయ్య సేటు మళ్ళీ ల్యాబుకు వచ్చాడు. ఈసారి చేతిలో స్లైడ్ల డబ్బా, రిపోర్టుల కవరు ఉన్నాయి. బయట బల్ల మీద ఒకాయన కూర్చుని ఉన్నాడు. సేటు దుకాణంలో గుమాస్తా, పేరు రాజలింగం. ఇంకో ఆసుపత్రిలో కిడ్నీ తీశారట. జబ్బు ఊపిరితిత్తులకు పాకిందట. మొహ్‌సిన్ సూదులు రాశాడట.

“ఇరవై ఏండ్ల సంది మా తాననే ఉన్నడు మేడమ్. డాక్టర్ సాబ్ సూదులంటున్నడు. నేనన్న, ముందుగాల మేడమ్‌కు చూపెడదాం, మేడమ్ మాట తప్పది అని. మా సరోజ విషయంల చూసిన గద. మీరు వద్దంటే ఇప్పుడే ఇంటికి తోల్కపోత.”

డబ్బా అందుకున్నాను. తెరవలేదు. తెరిస్తే చూస్తాను, చూస్తే నాకు ఏదో ఒకటి అనిపిస్తుంది. ఇప్పుడు ఏమీ చెప్పకుండా, సూదులు వేయించండి, మంచిది అని పంపేయవచ్చు. రాజలింగానికి జరగాల్సింది జరుగుతుంది. ఈయనకు పాత సంగతి ఎప్పటికీ తెలియదు. పుణ్యం కట్టుకున్న మేడమ్‌గానే మిగిలిపోతాను. ఎంత సుఖంగా ఉండేదో.

కానీ నా మాట తప్పదనే నమ్మకంతో ఈయన ఇంకా ఎంతమందిని ఇలా వెంటబెట్టుకుని వస్తాడు? నా దాకా రాకుండానే ఎంతమందికి సూదులు దండగని చెబుతాడు? ఇప్పటికే ఎంతమందికి చెప్పాడు?

“కూర్చోండి సేటుగారూ,” అన్నాను. ఈసారి కూర్చున్నాడు. “నా మాట తప్పుతుంది. చాలాసార్లు తప్పింది. ఆ రోజు మీకు చెప్పింది కూడా నేను చెప్పకూడని మాట. సరోజమ్మగారికి మందు పూర్తిగా పడలేదు. పడి ఉంటే పనిచేసేదో లేదో నాకు తెలియదు. ఆవిడకన్నా అధ్వానంగా ఉన్న మనిషికి పనిచేసింది. రాజలింగాన్ని ఇంటికి తీసుకెళ్ళకండి. డాక్టర్‌గారు చెప్పినట్టు మొత్తం సూదులు వేయించండి.”

ఆయనకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక పైపంచె కొస చేతిలోకి తీసుకుని మడతపెట్టడం, విప్పడం మొదలుపెట్టాడు.

“అంటే ఆమె బతుకుతుండెనా?”

“తెలియదండీ. నిజంగా తెలియదు. ఎక్కువమందికి పనిచేయదు. కొందరికి చేస్తుంది.”

క్షమించమని అడుగుదామనుకున్నాను. అడగలేదు. ఆయన స్లైడ్ల డబ్బా నా చేతిలోంచి తీసుకున్నాడు. కోప్పడితే బాగుండునని కూర్చున్నాను. ఆయన కోప్పడలేదు. తలుపు దాకా వెళ్ళి, రాజలింగానికి వినపడకుండా మెల్లగా చెప్పాడు.

“ఓర్చుకోలేక ఆమె మానేసిందని ఇక్కడ రాసుకున్నరు గద మేడమ్. ఆమె మానెయ్యలే. ఐదో సూది నాడు పొద్దుగాల్నే తయారై, చీర మార్చుకొని, గడపల కూసున్నది, ఆటో తోల్కరా అని. నేనే తేలే. మేడమ్ వద్దన్నది అని చెప్పిన.”